మురిపాల కుందేలు... మేత మానితే ముప్పే!

* బాధ నోటితో చెప్పదు.. మేత, పెంటికలే చెబుతాయి
* క్యారెట్, స్నానం, ఎండ.. మూడింటితోనూ జాగ్రత్త
* సరిహద్దు ఊళ్లలో డాక్టరుకు ఏ భాషలో ఎలా చెప్పాలి?

సాయంత్రం బడి వదిలే వేళ. బస్టాండు పక్కన ఓ సైకిలు ఆగుతుంది. వెనక క్యారియరు మీద ఇనుప జాలీ పెట్టె. అందులో దూది ఉండల్లా, అరచేతిలో ఇమిడిపోయే కుందేలు పిల్లలు. సంచులు భుజానేసుకున్న పిల్లలు అక్కడే అతుక్కుపోతారు. ‘‘అమ్మా, ఒక్కటమ్మా... నేనే చూసుకుంటానమ్మా’’ అని ఒకటే గోల. హోసూరు కానీ, బళ్లారి కానీ, బ్రహ్మపురం కానీ, యానాం కానీ.. సంతలోనో జాతరలోనో ఈ దృశ్యం కనిపిస్తూనే ఉంటుంది. అమ్మ మెత్తబడుతుంది. అట్టపెట్టెలో కుందేలు ఇంటికొస్తుంది.

ఆ తర్వాత చాలా ఇళ్లలో కథ ఒకేలా నడుస్తుంది. మొదటిరోజు క్యారెట్లు, బిస్కెట్లు. రెండోరోజు ‘మురికిగా ఉంది’ అని షాంపూతో స్నానం. మూడోరోజు కుందేలు మూలన ముడుచుకుని కూర్చుంటుంది. ‘‘కొత్త కదా, బెదిరిందేమోలే’’ అంటుంది అవ్వ. నాలుగోరోజు తెల్లారి చూస్తే చలనం ఉండదు. ‘‘రాత్రి బాగానే ఉండెనే... ఇంతలోకే ఏమైపాయె?’’ అని ఇంటిల్లిపాదీ నివ్వెరపోతారు. బిడ్డ ఏడుపు ఆపడం ఎవరి తరమూ కాదు.

రాత్రి బాగానే ఉందనుకోవడమే అసలు పొరపాటు. అది బాగా లేదు. ఆ సంగతి రెండు రోజులుగా చెబుతూనే ఉంది. కాకపోతే దాని భాష ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. సరిగా చూసుకుంటే 8 నుంచి 10 ఏళ్లు బతికే జీవి నాలుగు రోజుల్లో పోవడం వెనక విధిరాత కన్నా మనకు తెలియనితనమే ఎక్కువ.

బాధ ఎందుకు దాచుకుంటుంది?

కుక్క నొప్పేస్తే కుయ్యిమంటుంది. పిల్లి అరుస్తుంది. కుందేలు అలా కాదు. అడవిలో నక్కకీ, గద్దకీ, పాముకీ అది ఆహారం. ‘నాకు బాగాలేదు’ అని బయటపెట్టిన మరుక్షణం ఎవరో ఒకరి నోట పడుతుంది. అందుకే ప్రాణం మీదికొచ్చినా పైకి మామూలుగానే కూర్చోవడం దాని స్వభావంలో ఇమిడిపోయింది. మనకు ‘నీరసంగా ఉందే’ అనిపించేసరికి జబ్బు ముదిరిపోయి ఉంటుంది.

మరి తెలిసేదెలా? రెండే గుర్తులు. ఒకటి మేత. రెండు పెంటికలు. ఆరోగ్యంగా ఉన్న కుందేలు మెలకువగా ఉన్నంతసేపూ ఏదో ఒకటి నములుతూనే ఉంటుంది. రోజుకు రెండు మూడు వందల దాకా పెంటికలు వేస్తుంది. అవి గుండ్రంగా, ఇంచుమించు ఒకే సైజులో, పొడిగా ఉండాలి. చిన్నవైపోయినా, తగ్గిపోయినా, ఒకదానికొకటి వెంట్రుకలతో గొలుసులా అతుక్కుని వస్తున్నా లోపల ఏదో తేడా చేసినట్లే. అసలు వేయకపోతే ఆ పూటే ఆస్పత్రికి పరుగెత్తాలి.

తెల్లవారుజామున అది తన వెనక భాగంలో మూతి పెట్టి ఏదో తింటుంటే ‘ఛీ’ అని కొట్టేవాళ్లున్నారు. కొట్టొద్దు. అవి మామూలు పెంటికలు కావు. చిన్న ద్రాక్షగుత్తిలా మెత్తగా, మెరుస్తూ ఉండే మరో రకం. మొదటిసారి అరగని మేతలోంచి బీ విటమిన్లు, మాంసకృత్తులు దక్కించుకోవడానికి వాటిని నేరుగా తినేస్తుంది. ఆవు నెమరేసినట్లే ఇదీ. మూత్రం ఒక్కోసారి నారింజ రంగులో, ఎర్రగా వస్తే కూడా కంగారు అక్కర్లేదు. మేతలోని రంగుల వల్ల అలా అవుతుంది. ఒకట్రెండు రోజుల్లో మారకపోయినా, రక్తపు చారలు కనిపించినా డాక్టరుకు చూపించాలి.

గడ్డే దాని అన్నం

కుందేలంటే క్యారెట్ అని బొమ్మల పుస్తకాలు నేర్పాయి. నిజానికి క్యారెట్ దానికి మిఠాయి లాంటిది. చక్కెర ఎక్కువ. వారంలో ఒకట్రెండుసార్లు వేలి గోరంత ముక్క చాలు. అరటిపండైనా, ఆపిలైనా అంతే. అన్నం, చపాతీ, బ్రెడ్డు, బిస్కెట్లు, నానబెట్టిన శనగలు అసలే వద్దు. పిండిపదార్థం పేగుల్లో పులిసి, గ్యాసు పట్టి, ప్రాణం తీస్తుంది.

దాని అసలు తిండి గడ్డి. రోజంతా తినేదాంట్లో నూటికి 80 వంతులు గడ్డే ఉండాలి. కారణం రెండు. కుందేలు పళ్లు బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి. ముందరి పళ్లు వారానికి రెండు మూడు మిల్లీమీటర్లు పెరుగుతాయి. పీచు నమిలితేనే అరుగుతాయి. లేదంటే వంకర తిరిగి నాలుకకో చెంపకో గుచ్చుకుని, తినాలని ఉన్నా తినలేని స్థితి వస్తుంది. ఇక రెండోది పేగు. పీచు పడుతుంటేనే అది కదులుతుంది. పీచు ఆగితే పేగూ ఆగుతుంది.

మన ఊళ్లలో గడ్డికి కొదవ లేదు. అన్నింటికన్నా మేలు గరిక. కన్నడంలో గరికె, తమిళంలో అరుగంపుల్, మరాఠీలో దూర్వా, ఒడియాలో దూబ. వినాయకుడి పూజకు కట్టలు కట్టి అమ్మేది ఇదే. హోసూరు, కృష్ణగిరి వైపు పూల అంగళ్లలో అడిగితే దొరుకుతుంది. తెచ్చాక శుభ్రంగా కడిగి, తడి ఆరాక వేయాలి. కొంత నీడలో ఎండబెట్టి దాచుకుంటే వానాకాలంలో పనికొస్తుంది. పల్లెల్లో దొరికే దశరథ గడ్డి కూడా ఇష్టంగా తింటుంది. తమిళనాడులో దీన్నే వేలిమసాల్ అంటారు. మాంసకృత్తులు ఎక్కువ కాబట్టి గరికతో కలిపి కొంచెమే వేయాలి. వరిగడ్డి పక్కగా పరవడానికి బాగుంటుంది కానీ దాంట్లో సత్తువ తక్కువ. అదొక్కటే వేస్తే చాలదు.

దీనికి తోడు రోజూ ఓ గుప్పెడు ఆకులు. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు మంచివి. పాలకూర, క్యాబేజీ ఎప్పుడో కాస్త. మునగాకులో సున్నం ఎక్కువ, పెద్ద కుందేలుకు రోజూ పెట్టొద్దు. అంగడిలో దొరికే దాణా గుళికలైతే కిలో బరువుకు 25 గ్రాములు దాటనివ్వొద్దు. ఏ కొత్త మేతైనా ఒక్కసారిగా మార్చకూడదు. వారం పది రోజుల మీద కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. కొత్తగా కొన్నప్పుడు ‘ఇన్నాళ్లూ ఏం పెట్టావయ్యా’ అని అమ్మేవాణ్ని అడిగి అదే కొన్నాళ్లు కొనసాగించాలి.

దగ్గరకు రానివ్వకూడనివి కొన్ని ఉన్నాయి. గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, ఆముదం, వయ్యారిభామ విషం. బంగాళాదుంప, టమాటా ఆకులు, ఉల్లి, వెల్లుల్లి కూడా పనికిరావు. పురుగుమందు కొట్టిన పొలం గట్టు మీది గడ్డి కోసుకొచ్చారో, చేజేతులా చంపుకున్నట్లే.

‘చెవులపిల్లికి నీళ్లు తాపకూడదు, తాగితే చస్తుంది’ అని పెద్దవాళ్లలో ఓ నమ్మకం ఉంది. ఇది పూర్తిగా తప్పు. కిలో బరువుకు రోజుకు 50 నుంచి 150 మిల్లీలీటర్ల నీళ్లు దానికి కావాలి. ఎండాకాలం ఇంకా ఎక్కువే తాగుతుంది. బరువైన మట్టి మూకుడులో పోస్తే ఒలకబోయదు. పూటపూటకీ మార్చాలి.

గూడు ఎలా? ఎత్తుకోవడం ఎలా?

కోళ్ల బోనులాంటి ఇనుప జాలీ మీద రాత్రింబవళ్లు నిలబెడితే కుందేలు అరికాళ్లు పుండ్లవుతాయి. కుక్క, పిల్లి పాదాలకు ఉన్నట్లు దానికి మెత్తలు ఉండవు, బొచ్చు మాత్రమే ఉంటుంది. కింద చెక్క పలకో, గోనెపట్టానో, ఎండుగడ్డో పరవాలి. అది మూడు గెంతులు గెంతేంత పొడవు, వెనక కాళ్ల మీద లేచి నిలబడేంత ఎత్తు ఉండాలి. దాక్కోవడానికి ఓ అట్టపెట్టె ఉంటే ధైర్యంగా ఉంటుంది. రోజుకు మూడు నాలుగు గంటలు బయట వదలాలి. వదిలేముందు కరెంటు తీగలు పైకెత్తేయండి. సెల్‌ఫోను చార్జరు తీగను రెండు కొరుకుల్లో తుంచేస్తుంది.

వీధికుక్క, పిల్లి, ముంగిస, పాము, ఆఖరికి కాకి కూడా దానికి శత్రువే. కుక్క ముట్టుకోనక్కర్లేదు, బోను చుట్టూ తిరిగి మొరిగినా భయంతో మేత మానేస్తుంది. దీపావళి బాణసంచా, వినాయక నిమజ్జనం డీజే మోతా అంతే. ఆ రాత్రులు లోపలి గదిలో పెట్టి తలుపు వేయాలి.

ఇక ఎత్తుకోవడం. చెవులు పట్టుకుని పైకి లేపడం సినిమాల్లో చూసి నేర్చుకున్న దుర్మార్గం. చెవుల నిండా సన్నటి రక్తనాళాలు, నరాలు ఉంటాయి. ఒక చెయ్యి రొమ్ము కింద, రెండోది పిర్రల కింద ఆనించి గుండెలకు హత్తుకోవాలి. వెనక కాళ్లు గాల్లో వేలాడితే బలంగా తన్నుకుంటుంది. ఆ విసురుకు దాని వెన్నెముకే విరిగిపోతుంది. నడుము పడిపోయిన కుందేలు తిరిగి లేచేది అరుదు. చిన్నపిల్లలను నేల మీద కూర్చోబెట్టి, ఒళ్లో పెట్టడమే క్షేమం.

స్నానం మాత్రం ఎప్పుడూ వద్దు. పిల్లిలాగే అది తనను తాను నాక్కుని శుభ్రం చేసుకుంటుంది. ఒళ్లంతా తడిస్తే భయంతో షాకుకు గురవుతుంది. దట్టమైన బొచ్చు తొందరగా ఆరక ఒంట్లో వేడి పడిపోతుంది. వెనకవైపు మురికి అంటితే ఆ మేరకు తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో అద్దితే సరి. గోళ్లు నెలకో, నెలన్నరకో ఓసారి కత్తిరించాలి. లోపల కనిపించే ఎర్రటి జీవాన్ని తాకకుండా కొన మాత్రమే తీయాలి.

ఏ ఊరి ఎండకు ఆ జాగ్రత్త

కుందేలుకు చెమట పట్టదు. ఒంట్లో వేడిని ఎక్కువగా చెవుల్లోంచే బయటకు పంపుతుంది. మనకు హాయిగా ఉండే 20 డిగ్రీలు దానికీ హాయి. 30 దాటితే ఇబ్బంది. 35 దాటి, గాలి ఆడకపోతే ప్రాణాపాయం.

హోసూరు ఎత్తుమీద ఉన్న ఊరు కాబట్టి అక్కడివాళ్లకు కొంత వెసులుబాటు. బళ్లారి, రాయచూరుల్లో ఎండలు 40 దాటుతాయి. చంద్రపూర్, సిరొంచ వైపు 45 కూడా కొత్త కాదు. అక్కడ మేడ మీదా, రేకుల షెడ్డు కిందా బోను పెట్టడమంటే పొయ్యి మీద పెట్టినట్లే. ఇంట్లో చల్లటి మూల చూడాలి. ఓ కడప బండ ముక్క తెచ్చి బోనులో వేస్తే కుందేలు దాని మీదే బోర్లా పడుకుంటుంది. పాత మట్టి కుండను అడ్డంగా పడుకోబెట్టి, బయట తడిగోనె చుట్టినా మంచిదే. నీళ్ల సీసాను గడ్డకట్టించి, గుడ్డ చుట్టి పక్కన పెట్టొచ్చు. పొడి వేడి ఉన్న ఊళ్లలో కూలరు పనిచేస్తుంది.

బ్రహ్మపురం, యానాం సంగతి వేరు. ఎండ అంత ఉండకపోయినా గాలిలో తేమ ఎక్కువ. అక్కడ తడిగోనెలు, కూలరు ఉక్కపోతను పెంచుతాయే తప్ప తగ్గించవు. ఫ్యాను, ఎదురెదురు కిటికీలే దిక్కు. ఫ్యాను గాలి నేరుగా మొహానికి కొట్టకుండా చూడాలి.

నోరు తెరిచి ఎగరొగరుస్తున్నా, చెవులు ఎర్రబడి కాలిపోతున్నా, చొంగ కారుతున్నా వడదెబ్బే. వెంటనే నీడకు తెచ్చి, చెవులకు చల్లటి నీళ్లు అద్దాలి. ఐసు నీళ్లు వద్దు. బకెట్లో ముంచడం అసలే వద్దు. నోట్లో బలవంతంగా నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చెవులు అద్దుతూనే ఆస్పత్రికి బయల్దేరాలి.

వానాకాలం.. గజ్జి, ఈగల బెడద

వానలు మొదలైతే మూడు బాధలు. మొదటిది గజ్జి. ముక్కు చుట్టూ, చెవి అంచుల్లో, గోళ్ల దగ్గర తెల్లటి పొక్కులు కట్టి, గోక్కుంటూ ఉంటుంది. కంటికి కనిపించని పురుగు దీనికి కారణం. కిరసనాయిలు, ఇంజిన్ ఆయిలు పూసేవాళ్లున్నారు. కుందేలు ఒళ్లు నాక్కుంటుంది కదా, పూసిందంతా కడుపులోకే పోతుంది. డాక్టరు బరువు తూచి ఇచ్చే మందుతో ఇది పూర్తిగా నయమవుతుంది. ఒక్కసారితో ఆపకుండా చెప్పిన గడువుకు మళ్లీ తీసుకెళ్లాలి. ఎత్తుకున్న మనుషులకూ దురద అంటుకోవచ్చు, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

రెండోది ఈగలు. వెనకవైపు మూత్రంతో తడిగా ఉన్న కుందేలు మీద ఈగ గుడ్లు పెడుతుంది. ఒక్క రోజులోనే పురుగులై మాంసాన్ని తొలిచేస్తాయి. వానాకాలంలో రోజుకు రెండుసార్లు తోక కింద చూడటం తప్పనిసరి. మూడోది బూజు. దాణా నెలకు సరిపడా కొని మూలన పడేస్తే బూజు పడుతుంది, అది విషం. వారం పది రోజులకు సరిపడానే కొని డబ్బాలో మూత పెట్టాలి. పరిచిన గడ్డి తడిస్తే ఆ రోజే తీసేయాలి. తడి పక్క మీద పెరిగే పిల్లలకు కాక్సీడియా అనే పేగు జబ్బు వచ్చి, విరేచనాలతో చనిపోతాయి.

రెండు తెస్తే ఇంటి నిండా..

‘‘ఒంటరిగా దిగులు పడుతుంది, జత తీసుకోండి. రెండూ ఆడవే’’ అంటాడు అమ్మేవాడు. ఒంటరితనం మాట నిజమే. కుందేలు తోడు కోరుకుంటుంది. కానీ నెల పిల్లల్లో ఆడా మగా తేల్చడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. నాలుగైదు నెలలకే ఈడుకొస్తాయి. చూలు 30 నుంచి 32 రోజులే. ఈనిన వెంటనే మళ్లీ కట్టే గుణం ఉంది. ఈతకు నాలుగు నుంచి ఎనిమిది పిల్లలు. లెక్కేసుకోండి, దసరాకు తెచ్చిన జత ఉగాదికి ఎన్నవుతాయో!

అందుకే మూడు నెలలు నిండకముందే డాక్టరుకు చూపించి ఆడా మగా తేల్చుకోవాలి. వేరుగా ఉంచాలి, లేదా ఆపరేషన్ చేయించాలి. మగదానికి ఆపరేషన్ అయ్యాక కూడా నెల, నెలన్నర దాకా ఆడదానితో కలపకూడదు. ఆపరేషన్ చేయని ఆడ కుందేళ్లకు నాలుగేళ్లు దాటాక గర్భసంచి క్యాన్సర్ ఎక్కువగా వస్తుంది. అందువల్ల ఆపరేషన్ పిల్లల కోసమే కాదు, దాని ఆయుష్షు కోసం కూడా.

అనుకోకుండా ఈనితే.. తల్లి పొట్ట మీది బొచ్చు పీకి గూడు కట్టడం చూసి భయపడొద్దు. పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. పది రోజులకు కళ్లు తెరుస్తాయి. తల్లి రోజంతా దగ్గరుండదు. ఒకసారో రెండుసార్లో, అదీ కొన్ని నిమిషాలే వచ్చి పాలిచ్చి వెళుతుంది. ‘వదిలేసింది’ అనుకుని ఆవుపాలు పోసి చంపుకోవద్దు. పిల్లల పొట్టలు గుండ్రంగా ఉంటే తల్లి పాలిస్తున్నట్లే.

పూట కూడా ఆగొద్దు

ఇదంతా ఒకెత్తు, ఇప్పుడు చెప్పేది ఒకెత్తు. కుందేలు 10, 12 గంటలు ఏమీ తినకపోతే అది అత్యవసరం. ‘రేపు చూద్దాం’ అనడానికి లేదు.

ఏ కారణంతోనైనా.. పంటి నొప్పి కావచ్చు, భయం కావచ్చు, ఎండ కావచ్చు, తప్పు తిండి కావచ్చు.. అది మేత తగ్గించగానే పేగు కదలిక మందగిస్తుంది. లోపలున్నది గట్టిపడుతుంది. చెడు సూక్ష్మజీవులు పెరిగి గ్యాసు పుడుతుంది. గ్యాసుకు కడుపు నొప్పి. నొప్పికి ఇంకా మేత మానేస్తుంది. కుందేలుకు వాంతి చేసుకునే శక్తి కూడా లేదు. ఈ సుడిగుండంలోంచి తనంతట తాను బయటపడటం కష్టం. మొదట్లో చెప్పిన ఆ మూడోరోజు ‘బెదిరిందేమోలే’ అనుకున్నది ఇదే. ఆ రోజే తీసుకెళ్లి ఉంటే నొప్పి తగ్గించే మందు, ఒంట్లో నీరు నిలిపే సెలైను, సిరంజితో పీచు తిండి పెట్టించి బతికించే అవకాశం ఉండేది.

వీపు గూనిలా వంచి కూర్చోవడం, పళ్లు గట్టిగా పటపటలాడించడం, పొట్ట డోలులా బిగుసుకోవడం, చెవులు చల్లబడటం.. ఇవన్నీ ప్రమాద సూచికలే. తల నిమిరినప్పుడు మెల్లగా పళ్లు నూరడం మాత్రం హాయికి గుర్తు. ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

డాక్టరుకు చెప్పేటప్పుడు..

పశువుల ఆస్పత్రికి వచ్చేవి ఎక్కువగా ఆవులు, గేదెలు, మేకలు, కుక్కలు. కుందేలు అరుదు. అందుకే సంగతి స్పష్టంగా చెప్పాలి. ఇంట్లో తెలుగే మాట్లాడుకునే అవ్వలు, అమ్మలు ఆస్పత్రిలో తడబడతారు. కౌంటరు దగ్గర ‘చెవులపిల్లి’ అంటే అవతలివాళ్లకు పిల్లి అనిపించినా ఆశ్చర్యం లేదు. ఈ నాలుగు ముక్కలు కత్తిరించి గోడకు అంటించుకోండి. ‘నిన్న రాత్రి నుంచి కుందేలు ఏమీ తినలేదు, పెంటికలు వేయలేదు’ అని చెప్పాలంటే:

కర్ణాటకలో: కుందేలు అంటే మొల. ‘‘నిన్నె రాత్రియింద మొల ఏనూ తిందిల్ల. హిక్కె హాకిల్ల.’’

తమిళనాడులో: ముయల్. ‘‘నేత్తు రాత్తిరిలిరుందు ముయల్ ఒణ్ణుం సాప్పిడలై. పుళుక్కై పోడలై.’’

ఒడిశాలో: ఠెకువా. ‘‘కాలి రాతిరు ఠెకువా కిఛి ఖాఇని. ఝాడా హెఉని.’’

మహారాష్ట్రలో: ససా. ‘‘కాల్ రాత్రీపాసూన్ సశానే కాహీ ఖాల్లం నాహీ. లేండ్యా టాకల్యా నాహీత్.’’

యానాంలో తెలుగే చాలు.

తీసుకెళ్లేటప్పుడు గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో గడ్డి వేసి కూర్చోబెట్టండి. చివరగా వేసిన పెంటికలు ఓ కాగితంలో పొట్లం కట్టుకెళ్లండి. ఎప్పటి నుంచి తినలేదో, చివరగా ఏం తిందో చెప్పండి. మరో ముఖ్యమైన మాట. కుక్కకూ మనిషికీ మామూలుగా ఇచ్చే కొన్ని యాంటీబయాటిక్‌లు కుందేలుకు నోటిద్వారా ఇస్తే పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, అదీ చచ్చిపోతుంది. పెన్సిలిన్, ఆంపిసిలిన్, అమోక్సిసిలిన్, క్లిండామైసిన్ ఈ జాబితాలోవే. ఇంట్లో మిగిలిన మాత్రలు వేయకండి. కుక్కల గోమార్లకు కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే కూడా దీనికి విషమే. ‘‘సార్, ఇది కుందేలుకు పడుతుందా’’ అని ఓ మాట అడగడం తప్పేమీ కాదు.

పశువుల అత్యవసర వైద్యానికి చాలా రాష్ట్రాల్లో 1962 టోల్‌ఫ్రీ నంబరు ఉంది. దగ్గర్లో ఎవరున్నారో కనుక్కోవచ్చు. కేసు కష్టంగా ఉంటే పశువైద్య కళాశాలల ఆస్పత్రులు ఉన్నాయి. హోసూరువాళ్లకు బెంగళూరు హెబ్బాళ, వేలూరువాళ్లకు చెన్నై వేపేరి, బ్రహ్మపురంవాళ్లకు భువనేశ్వర్. కుందేలు బాగున్నప్పుడే ఓసారి వెళ్లి ఎవరు చూస్తారో తెలుసుకుని పెట్టుకుంటే ఆపదలో వెతుకులాట తప్పుతుంది.

పొలంలో దొరికింది వేరు

కంది, వేరుశనగ చేలు కోసేటప్పుడు గోధుమరంగు చెవులపిల్లి కూనలు కనిపిస్తుంటాయి. వాటిని ఇంటికి తెచ్చి పెంచాలని చూస్తారు. అది మన అడవి కుందేలు. అంగట్లో అమ్మే కుందేలుతో దీనికి సంబంధం లేదు. అంగటి కుందేలు పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ వైపువి. మన చెవులపిల్లి కూన బొచ్చుతో, కళ్లు తెరిచే పుడుతుంది. తల్లి కూనలను గడ్డిలో దాచి, పొద్దుగూకాక వచ్చి పాలిస్తుంది. కాబట్టి అది అనాథ కాదు. దొరికిన చోటే వదిలేయాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టినా, పెంచినా, చంపినా నేరం. సరిహద్దుకు ఇవతలైనా అవతలైనా చట్టం ఒక్కటే.

అలాగే పెంచలేక అంగటి కుందేలును పొలంలోనో, పార్కులోనో వదిలేయడం దయ అనుకోవద్దు. తెల్లటి ఒంటితో దాక్కోవడం తెలియని ఆ జీవి తెల్లారేలోపు కుక్కల పాలవుతుంది.

కొనే ముందు ఓ నిమిషం

పాలు మరవని పిల్లను కొనొద్దు. తల్లి దగ్గర ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉన్నదాన్నే తీసుకోవాలి. అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నదంటే చాలావరకు అది తల్లిపాలు వదలనిదే. కళ్లు మెరుస్తున్నాయా, ముక్కు కారుతోందా, తోక కింద పొడిగా ఉందా చూడాలి. పెంపుడు జంతువుల దుకాణాలు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు వద్ద నమోదు కావాలని 2018 నిబంధనలు చెబుతున్నాయి. సైకిలు మీద అమ్మేవాడి కన్నా అలాంటి చోట అడిగి కొనడం మేలు. ఇంకా మేలు, పెంచలేక ఇచ్చేస్తున్న ఇంటి నుంచి తెచ్చుకోవడం.

ఇంతకీ ‘నేనే చూసుకుంటానమ్మా’ అన్న బిడ్డ మాట సంగతేమిటి? ఆ మాటను అబద్ధం చేయనక్కర్లేదు. ఎనిమిదేళ్ల బిడ్డ కుందేలు బరువంతా మోయలేదు. ఆ పని పెద్దవాళ్లదే. కానీ ఒక్క పని బిడ్డకే అప్పగించొచ్చు. రోజూ పొద్దున పళ్లు తోముకోగానే బోను దగ్గరికి వెళ్లాలి. రాత్రి వేసిన గడ్డి తగ్గిందా, పెంటికలు మామూలుగా ఉన్నాయా చూడాలి. గుప్పెడు కొత్తిమీర చూపిస్తే పరుగెత్తుకొచ్చిందా గమనించాలి. పాత నోటుపుస్తకంలో తేదీ వేసి ‘తినింది’ అనో, ‘తినలేదు’ అనో ఒక్క ముక్క రాయాలి.

‘తినలేదు’ అని రాసిన రోజు ఇంట్లో పెద్దవాళ్లు పనులు పక్కనపెట్టి ఆస్పత్రికి కదలాలి. అలా చేసిన ఇంట్లో ఆ నోటుపుస్తకం నాలుగోరోజుతో ఆగదు. ఏళ్ల తరబడి సాగుతుంది.